స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్: బొమ్మ ఎలా వస్తుంది, ఎక్కడ చెదురుతుంది

నమస్కారం. ముందుగా తెరమీద ఉన్న ఈ రెండు బొమ్మలను చూడండి.

ఎడమవైపుది మామూలు మైక్రోస్కోప్‌తో తీసినది. కాంతి తరంగదైర్ఘ్యమే సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు కాబట్టి, దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఇందులో కలిసిపోయి ఒకటిగానే కనబడతాయి. కుడివైపు బొమ్మను 20 కిలోవోల్టుల ఎలక్ట్రాన్లతో తీశాను. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 0.0086 నానోమీటర్లే. ఆ లెక్కన పరమాణువులు కూడా విడివిడిగా కనబడాలి, కానీ కనబడవు. ఎలక్ట్రాన్లను కేంద్రీకరించే గుండ్రటి అయస్కాంత కటకాలకు గోళీయ దోషం (అంచుల గుండా, మధ్య గుండా వెళ్లినవి ఒకే చోట కలవకపోవడం) తప్పదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త షెర్జర్ 1936లోనే చూపించారు. దానికి తోడు, ఎలక్ట్రాన్లు నమూనా లోపలికి వెళ్లి చెల్లాచెదురవుతాయి.

నమూనాను కార్బన్ టేపుతో స్టబ్ (నమూనాను నిలిపే చిన్న లోహపు దిమ్మ) మీద అంటించి, లోపల పెట్టి, గాలి తీసేసి, వోల్టేజీ ఇచ్చాను. సన్నటి ఎలక్ట్రాన్ పుంజం నమూనా మీద వరుసగా తిరుగుతుంటే బొమ్మ వచ్చింది.

ఇక్కడ మాత్రం నెమ్మదిగా వెళ్దాం. ఫోకస్ తిప్పుతుంటే ఈ గుండ్రటి రేణువు ముందు ఇటు సాగింది, ఇంకాస్త తిప్పితే దానికి అడ్డంగా అటు సాగింది, చూశారు కదా? ఇది ఫోకస్ లోపం కాదు, పుంజమే గుండ్రంగా లేదు. దీన్ని ఆస్టిగ్మాటిజం అంటారు. ఈ సంగతి తెలియక తొలిరోజుల్లో నేను ఒక పూటంతా ఫోకస్ ఒక్కటే తిప్పుతూ కూర్చున్నాను. ఆ రెండు సాగుళ్లకు సరిగ్గా మధ్యలో, అంటే రేణువు ఎటూ సాగకుండా అన్ని వైపులా ఒకేలా మసకగా ఉన్నచోట ఆగండి. అక్కడ పుంజాన్ని గుండ్రంగా సరిచేసే స్టిగ్మేటర్ నాబ్‌లలో ఎక్స్ తిప్పండి, తర్వాత వై తిప్పండి, తర్వాత మళ్లీ ఫోకస్. మళ్లీ ఎక్స్, మళ్లీ వై. ఆటోమేటిక్ బటన్ ఉంది కానీ నేను దాన్ని వాడను. ఫొటోకు కావలసిన మాగ్నిఫికేషన్‌కు రెండు మూడింతలు పెంచి సరిచేసుకుని, ఆపైన తగ్గించుకోవడమే నాకు అలవాటు.

ఇది ప్లాస్టిక్ నమూనా. విద్యుత్తు ప్రవహించదు కాబట్టి ఎలక్ట్రాన్లు పేరుకుపోయి, అంచులు తెల్లగా మెరుస్తున్నాయి. కొన్ని నానోమీటర్ల బంగారు పూత వేస్తే ఇది పోతుంది, కానీ బాగా పెంచి చూసినప్పుడు ఆ పూత రేణువులే కనబడతాయి. అందుకే నేను ముందు వోల్టేజీని 1 కిలోవోల్టు దాకా తగ్గించి చూస్తాను. జీవకణాల సంగతి ఇంకా కష్టం: లోపల శూన్యం కాబట్టి మామూలుగా వాటిని ముందే రసాయనాలతో స్థిరపరచి (ఆకారం చెడకుండా చేసి), ఆరబెట్టాలి. మీరు చూసే రంగుల బొమ్మలన్నీ తర్వాత కంప్యూటర్‌లో రంగు వేసినవే.

ఇప్పుడు మాగ్నిఫికేషన్ తగ్గించాను. ఇందాక మనం సరిచేసిన చోట నల్లటి దీర్ఘచతురస్రం కనబడుతోందా? పుంజం తగిలినంతసేపూ అక్కడ కార్బన్ పేరుకుంది. కాబట్టి ఫోకస్ ఇక్కడ చేసి, నమూనాను కాస్త పక్కకు జరిపి, ఫొటో అక్కడ తీస్తున్నాను.