పాము విషమే మాత్ర చేసినారా?

నమస్కారం అండీ, తిరుపతి నుంచి. పోయిన నెల మా మామకు కాల్లో రక్తం గడ్డకట్టింది. డాక్టరు రివరోక్సాబాన్ మాత్ర రాశారు. చీటీ నా చేతిలో పెట్టి మామ అడిగిన మాట ఇది: "ఒరేయ్, అప్పట్లో రక్తపింజర కరిచినప్పుడు నా రక్తం గడ్డకట్టలేదన్నారు. ఈ మాత్ర వేసుకున్నా గడ్డకట్టదంట. పాము విషమే మాత్ర చేసినారా?"

నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మాత్రం పిచ్చిది కాదు.

ఆ రాత్రి నాకు గుర్తుంది. మామ చెనిక్కాయ చేలో వట్టి కాళ్లతో కావలి తిరుగుతుంటే పాము కరిచింది. ఆస్పత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కడిగి ఆరబెట్టిన గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టారు. 20 నిమిషాలయ్యాక నర్సమ్మ గొట్టం వంచింది. మామూలుగా అయితే జున్నులా పట్టుకుని ఉండాలి. నీళ్లలా జారింది. వెంటనే విషానికి విరుగుడు ఎక్కించారు.

జరిగిందేమిటంటే, మన రక్తంలో ఫ్యాక్టర్ 10 అని ఒక ప్రోటీన్ నిద్రపోతూ ఉంటుంది. గాయమైతే అది మేల్కొని ఎంజైమ్ అవుతుంది. దాన్నే టెన్-ఎ అంటారు. అది ప్రోత్రాంబిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను కోసి త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ వెళ్లి, రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజన్‌ను దారాలుగా అల్లితే గడ్డ తయారు. రక్తపింజర విషంలో ఫ్యాక్టర్ 10ను తట్టిలేపే ఎంజైమ్ ఉంది. గాయం దగ్గరే కాదు, ఒళ్లంతా లేపేస్తుంది. నెలకు దాచిన బియ్యం ఒక్క పూటలో వండేసినట్టు, ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత గడ్డకట్టడానికి ఏముంటుంది?

మాత్ర పని దీనికి పూర్తిగా రివర్సు. అది టెన్-ఎ నోట్లో గుడ్డ కుక్కుతుంది, అంతే. కోసే నోరు మూసుకుంటుంది, ఫైబ్రినోజన్ నిల్వ అలాగే ఉంటుంది. పేరులోనే ఉంది చూడండి: రివరోక్సాబాన్, దాని జాతిదే ఇంకో మందు అపిక్సాబాన్. ఆ 'క్సా' అంటే ఇంగ్లీషులో ఎక్స్, ఎ. రోమన్ పది, పక్కన ఎ.

పాత మందులు వార్ఫరిన్, అసిట్రామ్ వేరే చోట దెబ్బ కొడతాయి. లివర్లో విటమిన్ కె-ని మళ్లీ వాడకానికి తెచ్చే ఎంజైమ్‌ను ఆపుతాయి. దాంతో గడ్డకట్టించే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు నాలుగూ సగం పనితో బయటికొస్తాయి. అందుకే ఒకరోజు తోటకూర ఎక్కువ, ఇంకోరోజు అసలే లేదు అంటే, ఆకుకూరలోని విటమిన్ కె మారి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష లెక్క) ఎగిరిపడుతుంది. గుండెలో లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇవే దిక్కు. మామకు ఆకుకూర టెన్షన్ లేదు. 20 మిల్లీగ్రాముల మాత్ర మాత్రం కడుపు నిండాకే వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. రాత్రి సంగటి తిన్నాక వేసుకుంటున్నాడు.

ఇప్పుడు గడ్డకట్టించే ఇంకో ప్రోటీన్, ఫ్యాక్టర్ 11 మీద కొత్త మందులు పరీక్షిస్తున్నారు. అది పుట్టుకతో తక్కువున్నవాళ్లకు రక్తస్రావం అంత ఎక్కువ కాదన్నది అక్కడి ఆశ. 2023లో అసుండెక్సియాన్ అనే మందు పరీక్ష ఒకటి మధ్యలోనే ఆపేశారు, అపిక్సాబాన్ అంత బాగా పనిచేయలేదని.

మామకు ఒకటే చెప్పాను. మళ్లీ పాము కరిస్తే, ఈ మాత్ర వేసుకుంటున్నానని ఆస్పత్రిలో ముందే చెప్పమని. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంబూట్లు కొనమంటే మాత్రం "చూద్దాంలే" అన్నాడు.