వాచీ మీద గీతలు: బావా బామ్మర్దుల కబుర్లు (ఎపిసోడ్ పూర్తి పాఠం)

కిరణ్: ఆఁ, ఎర్ర లైటు వెలిగింది. బావా, నీ కుర్చీ కదిలించకు, కిందటిసారి ఆ కిర్రు చప్పుడుకి ఎన్ని తిట్లు వచ్చాయో తెలుసుగా.

ప్రసాద్: కుర్చీ మీ ఇంటిది. తిట్లు నాకా?

కిరణ్: అందరికీ నమస్కారం. బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నాం. మా బావ గుంటూరు నుంచి పొద్దున్నే దిగాడు. కుక్కర్ సంగతి ఇవాళ ఎత్తకూడదని ఒప్పందం.

ప్రసాద్: నేనెత్తను. అదే కూస్తే నా తప్పు కాదు.

కిరణ్: (నవ్వు) ఇవాళ్టి విషయం, స్టీలు చేతి గడియారం మీద గీతలు ఇంట్లోనే పోగొట్టుకోవడం. ఉయ్యూరు నుంచి ఒకాయన రాశాడు. వాచీ కొని ఏడాది కాలేదంట, కొక్కెం దగ్గరంతా వెంట్రుకల్లాంటి గీతలు. బల్ల మీద మణికట్టు ఆనించి కంప్యూటర్ కొట్టేవాళ్ళందరికీ ఉండేదే. స్టీలుకి గీతలెట్లా పడతాయి అని అడిగాడు. దుమ్ములో ఇసుక ఉంటుందండీ. ఇసుక అంటే క్వార్ట్జ్, గట్టిదనం కొలతలో ఏడు. మీ స్టీలు దానికన్నా మెత్తన.

ప్రసాద్: కృష్ణ ఇసుకైతే ఇంకా మేలురకం గీత పడుతుంది.

కిరణ్: నువ్వాగు. మొదట చూడాల్సింది, మీ వాచీలో ఏ ముక్క అద్దంలా మెరుస్తోంది, ఏ ముక్క మీద సన్నటి గీతలు ఒకే వరసలో ఉన్నాయి అని. ఆ వరస గీతలున్నదాన్ని బ్రష్డ్ అంటారు. ఆ రెంటికీ వైద్యం వేరు. ఒకదాని మందు రెండోదానికి వేస్తే చెడుతుంది. వంటింట్లో గిన్నెలు తోమే పచ్చ పీచు...

ప్రసాద్: మా అమ్మ గిన్నెలు చింతపండుతో తోమేది. ఇత్తడి బిందె మీద చింతపండు, బూడిద వేసి రుద్దితే మొహం కనపడేది. ఏ కంపెనీవాడి పీచూ లేదు.

కిరణ్: వచ్చింది. ఇత్తడి వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

ప్రసాద్: కాదురా, చెప్పేది విను. మా ఇంట్లో ఏడు ఇత్తడి బిందెలుండేవి. వీధిలోకి స్టీలు సామాన్లవాడు వచ్చి, పాతవి తూకం వేసుకుని కొత్తవి ఇచ్చిపోయాడు. ఏడు బిందెలకి రెండు స్టీలు బిందెలు, ఒక టిఫిన్ క్యారేజీ. మా నాయనమ్మ రెండ్రోజులు అన్నం తినలా.

కిరణ్: ఈ కథ మన వాళ్ళకి కంఠతా వచ్చు బావా. ఆ క్యారేజీ మూత సంగతితో సహా.

ప్రసాద్: మూత సంగతి నేనెత్తలేదు, నువ్వెత్తావు. సరే, అసలు నాకొక అనుమానం. గీత పడితే ఎందుకంత బాధ? మన ఇళ్ళలో డబ్బులిచ్చి మరీ గీతలు గీయిస్తాం గదా.

కిరణ్: ఎక్కడ గీయిస్తాం?

ప్రసాద్: గిన్నెల మీద పేర్లు కొట్టించట్లా? వన్‌టౌన్లో స్టీలు కొట్టుకి పోతే, సామాను కొనగానే అడిగే మొదటి మాట ‘పేరేం కొట్టమంటారు’ అని. ఇప్పుడు కరెంటు పెన్ను, బర్ర్‌మని రాస్తాడు. మా చిన్నప్పుడు సన్నటి ఉలి పెట్టి టకటకా చుక్కలు కొట్టేవాడు. ఆ చుక్కల అక్షరం అరవై ఏళ్ళైనా చెరగదు.

కిరణ్: అది రాత. ఇది గీత.

ప్రసాద్: రెండూ లోహానికి పడ్డ దెబ్బేగా! ఒకటి నువ్వు కొట్టించావు, ఒకటి దానంతటది తగిలింది.

కిరణ్: పేరు కొట్టించేది పోకుండా ఉండటానికి. పెళ్ళి వంటకి పక్కింటివాళ్ళ గంగాళం తెచ్చుకుంటాం, పేరుంటే తిరిగి వాళ్ళింటికి చేరుతుంది.

ప్రసాద్: చేరుతుందా? మీ ఇంట్లో పులిహోర కలిపే పళ్ళెం మీద ఎవరి పేరుంది?

కిరణ్: ...అది వేరు.

ప్రసాద్: ‘చి. సౌ. వరలక్ష్మికి, పెదకాకాని పెదనాన్న’ అని ఉంది. మీ ఇంట్లో వరలక్ష్మి ఎవరు? పెదకాకానిలో మీకెవరున్నారు? పాతికేళ్ళ నుంచి మీ అక్కని అడుగుతున్నా, చెప్పదు.

కిరణ్: (నవ్వు) అమ్మ కూడా చెప్పకుండానే పోయింది బావా. ఎవరి పెళ్ళిలోనో మారింది. మా పళ్ళెం ఆ వరలక్ష్మి గారింట్లో ఉండుంటుంది. ఈ మాట వింటుంటే, అమ్మా వరలక్ష్మమ్మా, మా పళ్ళెం మీద...

ప్రసాద్: చూశావా! చదివింపుల్లో వచ్చిన గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరుంటుంది, తేదీ ఉంటుంది. ఎవరు ఎంతలో పెట్టారో గిన్నెల గూడు చూస్తే చాలు, చదివింపుల పుస్తకం అక్కర్లేదు. దాన్ని ఎవడైనా పాలిష్ పెట్టి చెరుపుతాడా? చెరపడు. మరి వాచీ మీద గీతని ఎందుకు చెరపాలి?

కిరణ్: నీ వాదన ప్రకారం గోడకి మేకు కొట్టినా, లారీ గుద్దినా ఒకటే.

ప్రసాద్: గోడకి ఒకటే.

కిరణ్: పోనీ, నువ్వు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటా. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు. గీత లోతు దాకా చుట్టుపక్కల లోహాన్ని అరగదీయడం. పాలిష్ పెట్టిన ప్రతిసారీ వాచీ కాస్త కరుగుతుంది. ముందు పోయేవి అంచులు. కత్తిలా ఉన్న అంచు సబ్బుబిళ్ళలా గుండ్రమైపోతుంది. పాత వాచీలు సేకరించేవాళ్ళు గీతలున్నా పర్లేదంటారు గానీ, అంచు పోయినదాన్ని ముట్టుకోరు. గోరు తగులుకునేంత లోతు గీతైతే నా సలహా, వదిలెయ్యండి.

ప్రసాద్: వదిలెయ్యమనేగా నేనూ చెప్పేది.

కిరణ్: ఉయ్యూరాయన కోసం గబగబా చెప్పేస్తా. మెరిసే భాగాలకి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు అంటించండి. బ్రష్డ్ భాగం మీద గీతల వరస ఎటుంటే అటే, ఒకే దిక్కున, ఆ పచ్చ పీచుతో తేలిగ్గా లాగండి. ముందుకీ వెనక్కీ వద్దు, గుండ్రంగా అసలే వద్దు. నాలుగు లాగుళ్ళు, చూసుకోవడం, మళ్ళీ నాలుగు. మెరిసే భాగానికి పాలిష్ పట్టిన గుడ్డ దొరుకుతుంది, దానితో ఓపిగ్గా రుద్దాలి. వాచీ అద్దం సఫైర్, అంటే నీలమణి రకమైతే గీత పడటం అరుదు, పడితే ఇంట్లో పోదు. పాతకాలం ప్లాస్టిక్ అద్దమైతే టూత్‌పేస్టుకి కూడా పోతుంది. నల్ల రంగు, బంగారు రంగు పూత ఉన్నవాటి జోలికి పోవద్దు. అన్నిటికన్నా ముందు, అది నిజంగా స్టీలేనా అని చూసుకోవాలి.

ప్రసాద్: అయస్కాంతం పెడితే తెలుస్తుందిగా.

కిరణ్: తెలీదు. మంచి వాచీలకి వాడే 316ఎల్ స్టీలు అయస్కాంతానికి అంటదు, సరే. ఇత్తడి కూడా అంటదు. పాత వాచీలు చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూతే కదా. రుద్దితే పూత లేచిపోతుంది.

ప్రసాద్: ...ఊఁ.

కిరణ్: ఏంటి, ఇత్తడి మాటొస్తే ఎగిరి గంతేస్తావనుకున్నా.

ప్రసాద్: ఏం లేదు. మరి వెనక ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని రాసుంటే?

కిరణ్: పక్కన ఇంకో మాట ఉందేమో చూడాలి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే వెనక మూత ఒక్కటే స్టీలు. మిగతాది ఏదైనా కావచ్చు.

ప్రసాద్: చిన్న అక్షరాలురా అవి. కళ్ళజోడు లేకుండా రెండు మాటలు చదివి ఆపేశా.

కిరణ్: ఏ వాచీ?

ప్రసాద్: ...

కిరణ్: బావా, ఏ వాచీ?

ప్రసాద్: మీ నాన్న పెట్టింది. పెళ్ళిలో. మొన్న ఆదివారం తీశా. నువ్వు ఈ విషయం అనుకున్నావు గదా, ముందే చేసి చూసి ఇక్కడ గొప్ప చెబుదామని. ఇత్తడి మెరిపించే బ్రాసో పెట్టి రుద్దా. బాగానే మెరిసింది. ఇంకాస్త రుద్దా. బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పసుపుపచ్చగా కనపడింది. ముందు మట్టేమో అనుకున్నా.

కిరణ్: ఎంత మేర?

ప్రసాద్: నాలుగు కొమ్ములూ. ఒక పక్క అంచు. ఇత్తడి బావా ఇత్తడి బావా అని ఏడిపించేవాడివి గదరా, చూడు, దాదాపు ముప్ఫై ఏళ్ళు చేతికి కట్టుకున్నది ఇత్తడే.

కిరణ్: నవ్వు రావట్లేదు బావా.

ప్రసాద్: నాకూ రాలా.

కిరణ్: నాన్నవి ఏమీ మిగల్లేదు తెలుసుగా. అన్నీ సింగ్‌నగర్ ఇంట్లోనే పెట్టాం. 2024లో బుడమేరు వరద వచ్చినప్పుడు ఫొటోలు, పంచెలు, రేడియో, ఆ డైరీలన్నీ... బురదతో ఎత్తి ట్రాక్టర్లో వేశాం. ఆ వాచీ నీ చేతికుంది కాబట్టి ఉంది.

ప్రసాద్: తెలుసు. అందుకే ఫోన్లో చెప్పలేకపోయా.

కిరణ్: వెనక తేదీ?

ప్రసాద్: తేదీకి ఏం కాలా. వెనక మూత స్టీలేగా. 1996, మీ అక్క పేరు, నా పేరు, అంతా ఉంది. ఆయనే దగ్గరుండి కొట్టించాడంట వన్‌టౌన్లో.

కిరణ్: వన్‌టౌన్ కాదు, గవర్నర్‌పేట. నేనూ వెళ్ళా. లస్సీ ఇప్పించాడు.

ప్రసాద్: ఆటోనగర్లో బండి పార్టులకి క్రోమ్ వేసేవాళ్ళున్నారు. యంత్రం బయటికి తీయించి కేసు ఒక్కటి ఇస్తే మళ్ళీ పూత వేస్తారేమో, కనుక్కుందామా?

కిరణ్: పూత వెయ్యాలంటే మిగిలిన పూతా గీకాలి, మళ్ళీ పాలిష్ పట్టాలి. ఆగు, నన్ను ఆలోచించుకోనీ. అక్కకి చెప్పావా?

ప్రసాద్: చెప్పలా. పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటున్నా వారం నుంచి. ఒరేయ్, ఈ ముక్క కత్తిరించేస్తావా?

కిరణ్: కత్తిరించను.

ప్రసాద్: ఆవిడ ప్రతి ఎపిసోడూ వింటుందిరా.

కిరణ్: విననీ. తెచ్చావా?

ప్రసాద్: జేబులోనే ఉంది. కట్టుకోబుద్ధి కాలేదు.

కిరణ్: ఇలా ఇవ్వు.

ప్రసాద్: జాగ్రత్త, బెల్టు పిన్ను వదులుగా ఉంది.

(కింద కుక్కర్ కూత)