అచ్చులో కనిపించని చెయ్యి

మృదంగం చెవిన పడగానే, వేదిక వైపు చూడకుండానే "ఇది ఫలానా వారి చెయ్యి" అనేవాళ్ళు ఈ సభలోనూ ఉండే ఉంటారు. ఎలా తెలిసిందండీ అంటే మాత్రం నవ్వి ఊరుకుంటారు. ఐరోపా బరోక్ సంగీతంలో హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యాన్ని పక్కవాద్యంగా వాయించేవారి చెయ్యిని కంప్యూటర్ అలా పోల్చుకోగలదా? ఈ సాయంత్రం ఆ సంగతే మాట్లాడతాను.

ఆ బరోక్ కాలంలో, అంటే సుమారు 1600 నుంచి నూటయాభై ఏళ్ళ పాటు, పక్కవాద్యానికి అన్ని స్వరాలూ రాసిచ్చే అలవాటు లేదు. మంద్రంలో ఒక వరస, దాని దగ్గర కొన్ని అంకెలు, అంతే. దాని పేరు బాసో కంటిన్యువో. 1700లో రోములో అచ్చయిన, ఇటలీ స్వరకర్త కొరెల్లి వయొలిన్ రచనలు, సొనాటాలు చూడండి: వయొలిన్‌కు ఒక వరస, మంద్రానికి ఒక వరస, కుడిచేతికి సున్నా. మన సరిగమల్లాగే వాళ్ళవి డో, రే, మి, ఫా, సోల్. మంద్రంలో 'మి' దగ్గర 6 ఉంటే దాని మీద ఆరో స్వరం 'డో' పలకాలి. మూడోది 'సోల్' రాయకపోయినా వస్తుంది. డో పైన ఉండాలా, సోల్ పైన ఉండాలా? మూడు వేళ్ళా, ఏడు వేళ్ళా? ఒక్కసారే నొక్కాలా, ఒకదాని వెనక ఒకటిగా జార్చాలా? కాగితం నోరు విప్పదు.

పైగా హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఈక ములుకు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా నాదం పెద్దగా పెరగదు. నిండుగా వినిపించాలంటే స్వరాలే పెంచాలి. రెండు చేతులా నింపి వాయించడం గురించి జర్మన్ స్వరకర్త హైనికెన్ 1728లోనే విస్తారంగా రాశాడు. అంటే శైలి చాలావరకు స్వరాల సంఖ్యలో, వాటి సమయంలో ఉంటుంది. రెండూ లెక్కకు దొరికేవే.

పని ఇలా సాగుతుంది. ఒకే రచనను పలువురి చేత, ఒక్కొక్కరి చేత పలుమార్లు మిడి కీబోర్డు మీద, అంటే ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో కంప్యూటర్‌కు అందించే కీబోర్డు మీద, వాయింపిస్తాం. పలుమార్లు ఎందుకంటే మనోధర్మంతో వాయించేవాడు నిన్నటిది ఇవాళ వాయించడు. ఆ తేడా కన్నా మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటేనే దాన్ని శైలి అనాలి. తర్వాత ఒక్కో మంద్రస్వరం మీద పడిన వేళ్ళ పట్టును విడిగా తీసి లెక్కిస్తాం. జర్మన్లు దాన్ని గ్రిఫ్ అంటారు, పట్టు అనే అర్థం.

ఆ లెక్కలు చూసి వాయించింది ఎవరో చెప్పమని కంప్యూటర్‌ను అడుగుతాం. ఇక్కడ యంత్రం దొంగదారి పడుతుంది. ఒకాయన ఎప్పుడూ నిదానంగా వాయిస్తాడనుకోండి, వేగం ఒక్కటి చూసి పేరు చెప్పేస్తుంది. అది నేను ఒప్పుకోను. వేగం దాచిపెట్టి, అది ఎన్నడూ వినని రచన ఇచ్చి అడగాలి.

ఇప్పుడు ఆ 'మి'నే రెండు రకాలుగా వాయిస్తాను. మొదట మూడు స్వరాలతో ఒక్కసారిగా. తర్వాత ఏడింటితో, కింది నుంచి పైకి జారుస్తూ. వినండి.