గిన్నె మీద పేరు రాయండి

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించండి. నర్సింగ్ విద్యార్థులకు యాంటీసెప్టిక్‌ల, అంటే క్రిముల్ని చంపే పూత మందుల, ఉపయోగాలు చెప్పమన్నారు. ఉపయోగాలు మీ పుస్తకంలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళు మెదడు ఆపరేషన్లు చేసే న్యూరో థియేటర్‌లో నిలబడ్డదాన్ని, అవి చేసే అపకారం చెప్తాను.

చర్మం పైన చచ్చిన కణాల పొర ఒకటి కాపలా కాస్తుంది. అందుకే స్పిరిట్ పూసినా, అయోడిన్ పూసినా ఓర్చుకుంటుంది. తల పగిలి, మెదడుని కప్పే డ్యూరా పొర చిరిగి, మెదడు బయటపడిందంటే దానికి ఆ కాపలా లేదు. క్రిమి పొరను చీల్చే మందు మన కణాన్నీ వదలదు. చర్మం కాలితే కొత్తది వస్తుంది. పోయిన న్యూరాన్, అదే మెదడు కణం, రాదమ్మా! అక్కడ మచ్చ కడుతుంది, రేపు ఫిట్స్ రావడానికి ఆ మచ్చే చాలు. పైగా మెదడుకి నొప్పి తెలియదు. మంట పుట్టి రోగి అరిస్తే మన చెయ్యి ఆగేది, ఆ అరుపూ ఉండదు.

మొదటి ప్రపంచయుద్ధంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని వేడిచేసి, బయటికి ముళ్ళలాంటి సందులు తీశాడు. ఫిరంగి గుండు చేసిన గాయానికి అది నమూనా. అందులో క్రిములు పెంచి యాంటీసెప్టిక్ పోశాడు. సందుల్లోవి బతికిపోయి మళ్ళీ పెరిగాయి. అసలు గాయంలోనైతే ఆ మందు క్రిములకంటే ముందు తెల్లరక్తకణాలనే చంపుతోందని చూపించాడు. పెన్సిలిన్ ఫ్లెమింగే. పెన్సిలిన్ అందరికీ గుర్తుంది, ఈ గొట్టం ఎవరికీ గుర్తులేదు.

అదే యుద్ధంలో, 1917లో, అమెరికా మెదడు సర్జన్ హార్వే కుషింగ్ మెదడు గాయాల్లోకి మెత్తటి రబ్బరు గొట్టం పెట్టి, చితికిన కణజాలాన్ని మెల్లగా పీల్చేసి, సెలైన్‌తో కడిగేవాడు. మూడు నెలల్లో మరణాలు నూటికి 54 నుంచి 29 దాకా తగ్గాయి. డైక్లోరమిన్-టి అనే యాంటీసెప్టిక్ కూడా వాడాడు, నిజమే. నా మటుకు నాకు ఆ ఘనత కడగడానిదే.

ఇక అసలు సంగతి. ఉపయోగాలు చెప్పమన్నవాళ్ళు కాసేపు ఓపిక పట్టాలి.

చర్మం తుడవడానికి వాడే క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్ మెదడుకీ, దాని పొరలకీ, మధ్య చెవికీ తగలకూడదు. రంగు కలపని క్లోర్‌హెక్సిడిన్ నీళ్ళలా ఉంటుంది. సెలైనూ నీళ్ళలాగే ఉంటుంది. ఒక రాత్రి ఎమర్జెన్సీ కేసు. పుర్రె తెరిచి ఉంది. సర్జన్ సెలైన్ అడిగారు. ట్రాలీ మీద ఒకే సైజు గిన్నెలు రెండు. చర్మం తుడిచాక తీసెయ్యాల్సిన గిన్నె నేను తియ్యలేదు. సిరంజి నింపి అందిస్తుంటే మాస్కులోంచి స్పిరిట్ వాసన తగిలింది. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. అది స్పిరిట్ కలిపిన మందు కాబట్టి వాసన వచ్చింది. నీళ్ళలో కలిపినదైతే?

మర్నాడు రంగు కలిపిన మందు తెప్పించమని అడిగాను. "ఇన్నాళ్ళూ ఏమీ జరగలేదుగా సిస్టర్, ముందు ఈ స్టాక్ అవనివ్వండి" అన్నారు. ఆ స్టాక్ ఎప్పటికీ అవలేదు.

వెనక వరసలో నవ్వుతున్న అమ్మాయీ, నిన్నే. జేబులో మార్కర్ ఉందా? తియ్యి, చూస్తాను.