సోలార్ ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు: ఎన్ని గంటలకు వెలిగింది?

నమస్కారం అండీ. మొన్న మధ్యాహ్నం పన్నెండున్నరకి మా బాబాయ్ ఫోన్. "ఒరేయ్, సోలార్ ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలుగుతోందిరా. ఆపి మళ్ళీ వేశాను, పది నిమిషాలుండి మళ్ళీ వచ్చింది. కాలిపోయిందంటావా?" కాలిపోలేదు బాబాయ్, ముందు ఆ స్విచ్చి వదిలెయ్ అన్నాను.

ఇన్వర్టర్ అంటే ప్యానెళ్ళ డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె. ఎర్ర లైటు వచ్చిందంటే చాలాసార్లు అది చెడిపోయినట్టు కాదు. బయట ఏదో తేడా కనిపెట్టి అదే ఆగిపోయింది. నేను అడిగేవి రెండే. స్క్రీన్ మీద ఏముంది? ఎన్ని గంటలకు వచ్చింది? ఆపకముందే స్క్రీన్ ఫొటో తీసుకోండి.

బాబాయ్‌కి వచ్చింది గ్రిడ్ ఓవర్ వోల్టేజ్, అంటే బయటి కరెంటు లైను (గ్రిడ్) వోల్టేజ్ హద్దు దాటిందని. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. అది 110 శాతం, అంటే 253 దాటితే రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ లైను నుంచి తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లోనే నిబంధన పెట్టింది. మరి మధ్యాహ్నమే ఎందుకు? బాబాయ్ వాళ్ళ వీధిలో ఇప్పుడు ఆరేడు డాబాల మీద ప్యానెళ్ళున్నాయి. ఆ టైంకి జనం పనుల మీద బయట ఉంటారు, ఇళ్ళల్లో వాడకం ఉండదు. కరెంటంతా బయటి తీగలోకే వెళ్ళాలి. సన్న పైపులోకి నీళ్ళు తోసినట్టే, తీగ సన్నగా, పొడుగ్గా ఉన్నకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది.

ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడే మీటర్‌లో వోల్టేజ్ ఎంతుందో చూడండి. మీటర్ 240, ఇన్వర్టర్ 254 చూపిస్తే మధ్యలో కేబులు సన్నదో, కనెక్షన్ లూజో. ప్యానెళ్ళు పెట్టినవాళ్ళని పిలవండి. రెండూ ఎక్కువే చూపిస్తే లైనులోనే ఉంది, కరెంటాఫీసులో ఫిర్యాదు రాయండి. కొందరు టెక్నీషియన్లు సెట్టింగుల్లోకెళ్ళి ఆ 253ని 270 చేసి చేతులు దులుపుకుంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎర్ర లైటు పోతుంది, ఆ వోల్టేజ్ మీ ఫ్రిజ్ మీద పడుతుంది.

ఇక పొద్దున్నే వచ్చేది ఐసొలేషన్ ఫాల్ట్, అంటే ప్యానెళ్ళ వైర్ల నుంచి కరెంటు ఎక్కడో భూమిలోకి లీకవుతోందని. వాన పడ్డాకో, మంచు కురిశాకో వస్తుంది, ఎండెక్కి తడారగానే పోతుంది. పోయింది కదా అని వదిలేస్తాం. మా ఇంట్లో నేనూ నాలుగు రోజులు అలాగే వదిలేశాను. తీరా చూస్తే కోతులు ప్యానెల్ కింద వైరు లాగేశాయి, కనెక్టర్ స్లాబు మీద నీళ్ళలో పడి ఉంది! దీన్ని మాత్రం మీరు ముట్టుకోకండి. వరుసగా కలిపిన ఎనిమిది ప్యానెళ్ళలో మూడొందల వోల్టులు దాటి డీసీ ఉంటుంది, ఎండ ఉన్నంతసేపూ ఏ స్విచ్చి కట్టేసినా ప్యానెళ్ళ దగ్గర అది పోదు. ముందు ఏసీ బ్రేకర్ (లైను వైపు స్విచ్చి), తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ళ వైపు స్విచ్చి) ఆపేసి టెక్నీషియన్‌ని పిలవండి. కరెంటు పారుతుండగా కనెక్టర్ పీకితే మెరుపు లాంటి ఆర్క్ లేస్తుంది.

కరెంటు పోయినప్పుడు నో గ్రిడ్ అని వస్తే టెన్షన్ అక్కర్లేదు. బ్యాటరీ లేకుండా లైనుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అప్పుడు ఆగాల్సిందే. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన కరెంటు కొడుతుంది.

అన్నట్టు, బాబాయ్ మీటర్‌లో 252, ఇన్వర్టర్‌లో 254. ఫిర్యాదు రాశాడు. ఈలోపు మధ్యాహ్నం ఇంట్లో వాడకం పెంచు బాబాయ్, బయటికి తోసేది తగ్గుతుంది అన్నాను. ఇప్పుడు పన్నెండు కాగానే ట్యాంకు మోటారు వేస్తున్నాడు, పిన్ని వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తోంది.