కోడిని వేలాడదీస్తే తెలివైన కామెడీనా, వెకిలి కామెడీనా?

తెర మీద: విజయవాడ గాంధీనగర్. ఫస్ట్ షో మొదలవబోతోంది. టీ కొట్టు దగ్గర నలుగురు గట్టిగా వాదించుకుంటున్నారు.

నమస్కారం అండి. బెజవాడలో ఇద్దరు కలిస్తే సినిమా మాట రాకుండా ఉండదు. హీరోల గొడవ ఎలాగూ తెగేది కాదు, దాన్ని పక్కన పెడదాం. ఇవాళ ఇంకో గొడవ చూద్దాం. ఒక కామెడీ సీన్ చూసి ఒకరు "ఏం రాశాడ్రా!" అని చప్పట్లు కొడతారు. పక్క సీట్లో ఇంకొకరు "ఛీ, వెకిలి" అని మొహం తిప్పుకుంటారు. ఇద్దరూ చూసింది ఒకే సీన్. మరి ఎవరి మాట నెగ్గాలి?

మా ఇంట్లో ఈ వాదన నాకూ మా పెదనాన్నకీ మధ్య. ఆయన కుర్రతనమంతా హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకాలు చూస్తూ గడిచింది. మాట పడాల్సిన చోట పడితే తప్ప ఆయన నవ్వరు. నేనేమో కేబుల్ టీవీలో కామెడీ బిట్లు చూస్తూ పెరిగాను. మేమిద్దరం తేల్చుకోలేకపోతున్న సీన్ మీ అందరికీ తెలిసిందే.

తెర మీద: "అహ నా పెళ్ళంట", 1987. దర్శకుడు జంధ్యాల. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు.

ఎడిటర్‌కి: ఇక్కడ సినిమా క్లిప్ వద్దు. గీసిన బొమ్మ చాలు. కోడి, తాడు, కంచం, మనిషి.

లక్ష్మీపతి భోజనానికి కూర్చుంటాడు. ముందు ఉత్త అన్నం. పైనుంచి వేలాడుతూ కోడి. తలెత్తి కోడిని చూస్తాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. మళ్ళీ చూస్తాడు, మళ్ళీ ముద్ద. కోడికూరతో తింటున్నట్టు ఊహించుకుంటూ కడుపు నింపుకుంటాడు.

"ఇదేం హాస్యంరా? ఇవాళ కోడిని కట్టాడు, రేపు మేకను కడతాడు. ఇందులో రాయడానికేముంది?" అంటారు పెదనాన్న.

చాలా ఉంది పెదనాన్నా. పిసినారి గురించి మనవాళ్ళు ఏమంటారు? "ఎంగిలి చేత్తో కాకిని తోలడు" అంటారు. ఆ మాటను ఒక్కసారి కళ్ళముందు బొమ్మ కట్టుకోండి. ఒకాయన అన్నం తింటున్నాడు. ఎదురుగా కాకి వాలింది. చెయ్యి విదిలిస్తే ఎగిరిపోతుంది. కానీ విదిలిస్తే వేళ్ళకంటుకున్న రెండు మెతుకులు రాలతాయి. రాలితే కాకి తింటుంది. అందుకని తోలకుండా అలాగే కూర్చున్నాడు. ఎంత దూరం వెళ్ళి ఆలోచించారో చూడండి! ఈ సామెతను వెకిలి అని ఎవరైనా అన్నారా? పెద్దవాళ్ళే నిండు పంక్తిలో కూర్చుని వాడతారు.

లక్ష్మీపతి కోడి కూడా ఆ కాకి పక్కన వాలాల్సిన పిట్టే. అక్కడ మెతుకు లెక్క, ఇక్కడ రుచి లెక్క. రుచి మనసులో ఉంటుందని ఆయన నమ్మకం. అయితే మనసుకు కోడి కనబడితే సరిపోతుంది. కొయ్యక్కర్లేదు, నూనె అక్కర్లేదు, మసాలా అక్కర్లేదు. పైగా రేపటికి కోడి కోడిలాగే ఉంటుంది, రేపు కూడా కోడికూరే. మొదలు పిచ్చిది, నిజమే. ఆ మొదలు ఒప్పుకున్నామా, ఆపైన లెక్కలో ఒక్క పైసా తేడా రాదు. వంటల వాసన పీల్చినందుకు డబ్బులడిగితే, నాణేల చప్పుడు వినిపించి బాకీ తీర్చిన మనిషి కథ చిన్నప్పుడు మనందరం విన్నాం. ఆ కథలో తెలివి ఉందని ఒప్పుకునేవాళ్ళు ఈ కోడిని కాదనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక కోట గారి ముఖం. ఆయనది మన పక్కనే ఉన్న కంకిపాడు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి సినిమాల్లోకి వచ్చారు. ఈ సినిమాకు రెండేళ్ళ ముందే, 1985లో, "ప్రతిఘటన"లో విలన్‌గా జనాన్ని భయపెట్టారు. అదే మనిషి ఇప్పుడు కోడి కింద కూర్చున్నాడు, అంతే నిష్ఠగా. తాను చేస్తున్నది నవ్వులాట అని లక్ష్మీపతికి తెలియదు. ఆయన దృష్టిలో అది పొదుపు, బుద్ధిగల మనిషి చేసే పని. నటుడు ఒక్క క్షణం మనవైపు చూసి "ఎలా ఉంది?" అన్నట్టు కన్ను కొట్టి ఉంటే, పెదనాన్న అన్న వెకిలితనం అప్పుడు వచ్చేది. ఆయన ఆ పని చెయ్యలేదు. 2025 జులైలో కోట గారు పోయారన్న వార్త విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ సీనే.

అసలు కథలో ఈ సీన్ చేసే పని ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కృష్ణమూర్తి, అంటే రాజేంద్రప్రసాద్, లక్ష్మీపతి కూతుర్ని ప్రేమించాడు. ఆ పిల్లను ఇవ్వాలంటే మామగారి మెప్పు పొందాలి. అందుకని మామను మించిన పిసినారిలా నటించాలి. మామ ఎంతవరకు వెళ్ళగలడో మనకు తెలియకపోతే, అల్లుడు దాటాల్సిన గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఆ గీత గీసింది కోడి. దాన్ని తీసేసి చూడండి, అల్లుడు పడే పాట్లకు కొలత ఉండదు.

ఇక్కడికొచ్చేసరికి పెదనాన్న నాట్యశాస్త్రం రాసిన భరతుణ్ణి పిలుస్తారు. నాటకాల మనుషుల చివరి అస్త్రం అదే మరి.

తెర మీద: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం.

నాట్యశాస్త్రంలో హాస్యం ఈ ఆరు రకాలు. మొదటి రెండూ ఉత్తములవి, తర్వాతి రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. స్మితంలో పళ్ళు కూడా కనబడవు, చెంపలు కాస్త విప్పారతాయి, అంతే. అతిహసితంలో కళ్ళలో నీళ్ళు, పెద్ద గొంతు, చేతులతో పక్కలు పట్టుకోవడం. "చూశావా, పక్కలు పట్టుకుని నవ్వించేది కిందిమెట్టు" అంటారు పెదనాన్న.

నేను చదివి అర్థం చేసుకున్నది వేరు. ఆ మెట్లు నవ్వే పాత్రల స్వభావాన్ని బట్టి వేసినవి. నవ్వు దేనివల్ల పుడుతుందో చెప్పే పట్టిక వేరే ఉంది. అందులో వికృతమైన వేషం ఉంది, పొంతన లేని మాటలు ఉన్నాయి, సిగ్గులేనితనం ఉంది, ఆబ ఉంది. మనం వెకిలి అని పక్కకు నెట్టే సరుకంతా ఆయన హాస్యరసానికి కారణాల్లోనే పెట్టాడు. ఆ సరుకుతో ఏం కట్టావన్నదే అసలు లెక్క.

అలాగని నవ్వొచ్చిన ప్రతిదీ గొప్పదని నేను అనను. నాకు ఒక పరీక్ష ఉంది. సీన్‌లోంచి ఆ మనిషిని తీసేసి ఇంకొకర్ని కూర్చోబెట్టండి. కోడి కింద దానకర్ణుడి లాంటి మనిషిని కూర్చోబెడితే నవ్వు రాదు, ఏం జరుగుతోందో కూడా అర్థం కాదు. చెంపదెబ్బల కామెడీలో ఎవరు కొట్టినా, ఎవరు తిన్నా ఒకటే. అందుకే ఇంటికొచ్చేలోపు మర్చిపోతాం. నత్తిని, బట్టతలను, లావు ఒంటిని చూపించి నవ్వమనే సీన్లైతే ఇంకా దారుణం. నత్తి ఉన్న కుర్రాడు కూడా మనతోపాటే టికెట్ కొనుక్కుని అదే హాల్లో కూర్చుంటాడండీ. చుట్టూ అంతా నవ్వుతుంటే వాడు ఎటు చూడాలి?

తెలివిగా వినబడే వెకిలి కూడా ఉంది. "నీది ఆవేశం, నాది ఆదేశం" లాంటి ప్రాస డైలాగులు. చెవికి బాగుంటాయి. కానీ ఆ మాట హీరో అన్నా, విలన్ అన్నా, పక్కనున్న కానిస్టేబుల్ అన్నా తేడా లేదు. నా పరీక్షలో ఇదీ, చెంపదెబ్బా ఒకే మార్కు దగ్గర ఆగిపోతాయి.

పెదనాన్నకు జంధ్యాల అంటే కోపం ఏమీ లేదు. జంధ్యాల సినిమాల్లో నవ్వించిన సుత్తి వీరభద్రరావు పేరెత్తితే మెత్తబడతారు. వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన మనిషి. రేడియోలో ముఖం కనబడదు, కోడి కనబడదు, గొంతు ఒక్కటే నవ్వించాలి. జంధ్యాల "శ్రీవారికి ప్రేమలేఖ"లో శ్రీలక్ష్మి అంటే మరీ ఇష్టం పెదనాన్నకు. సినిమా కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది చూడండి, ఆ పాత్ర. "అది రాతంటే!" అంటారు.

మరి ఆవిడ చేసేది కూడా లక్ష్మీపతి పనే కదా పెదనాన్నా? సినిమా పిచ్చి మొదలు. ఆపైన అంతా క్రమం, సినిమా టైటిల్స్‌తో మొదలవుతుంది కాబట్టి కథ కూడా టైటిల్స్‌తోనే. ఒకటి చెవికి, ఒకటి కంటికి. రెండూ రాసింది ఒకే బుర్ర.

దీనికి ఆయన జవాబు చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేశారు. "నీ పరీక్ష లక్ష్మీపతి దగ్గర పనిచేసే అరగుండుకి పెట్టు చూద్దాం. యజమాని తిడతాడు, వీడు పడతాడు. ఏ యజమాని, ఏ పనివాడైనా నడుస్తుందిగా?"

మంచి దెబ్బే. అరగుండు వేషం వేసిన బ్రహ్మానందం గారిది సత్తెనపల్లి ప్రాంతం, అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేశారు. అరగుండుతోనే రాష్ట్రమంతా తెలిశారు. ఆ సీన్లు నేను మళ్ళీ చూశాను. పిసినారి కొలువు కాబట్టే పుట్టిన తిట్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఢోకా లేదు. కొన్ని మాత్రం ఏ ఇంట్లోనైనా జరిగేవే. వాటిని బ్రహ్మానందం గారి చూపు ఒక్కటే లాక్కొచ్చింది, రాత సాయం పట్టలేదు. అక్కడ పెదనాన్న మాటే నెగ్గుతుంది. కోడి దగ్గర మాత్రం నేను తగ్గను.