యంత్రం కొనే ముందు: నెలలు నిండని పిల్లల కోసం విరాళాలు సేకరించే తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం.

నవంబరు 17 నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దినం. అది దగ్గర పడేకొద్దీ, బిడ్డను క్షేమంగా ఇంటికి తెచ్చుకున్న అమ్మానాన్నలు ‘మేమూ వార్డుకి ఏదైనా ఇస్తాం’ అని ముందుకొస్తారు. ఆ ఏదైనా సాధారణంగా ఒక యంత్రమే. ఇంక్యుబేటర్ బాక్సులో బిడ్డను చూసిన కళ్లకు బాక్సే గుర్తుంటుంది మరి. మా సలహా ఏమిటంటే, యంత్రాన్ని మీ జాబితాలో ఆఖరున పెట్టండి.

ఎందుకో సీప్యాప్‌తో చెబుతాం. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పరికరం ఇది. ప్రాణాలు నిలబెడుతుంది, సందేహం లేదు. అయితే దానికి ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు, అంటే ప్రాంగ్స్, అన్ని సైజుల్లో కావాలి. చిన్నవైతే పక్కనుంచి గాలి పోయి ఒత్తిడి నిలవదు. పెద్దవైతే ముక్కు లోపల ఒరుసుకుని పుండు పడుతుంది. గాలిని వెచ్చగా, తేమగా ఉంచే హ్యూమిడిఫైయర్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్లెండర్. ఆక్సిజన్‌ని మామూలు గాలితో కలిపి ఎంత శాతం వెళ్లాలో తేల్చేది అదే. అది లేక నేరుగా సిలిండర్‌కి తగిలిస్తే బిడ్డకు నూటికి నూరు పాళ్లూ ఆక్సిజనే వెళ్తుంది. ఆ వయసుకి కంటి వెనక పొర అయిన రెటీనాలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. ఆక్సిజన్ ఎక్కువైతే వాటి ఎదుగుదల ఆగిపోయి, తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేస్తాయి. దాన్నే ఆర్‌ఓపీ అంటారు. ఆక్సిజన్ మీదున్న పిల్లలకు రక్తంలో ఆక్సిజన్ స్థాయి (శాచురేషన్) 90-95 శాతం మధ్యే ఉంచేది అందుకే. బ్లెండర్ లేని సీప్యాప్ ఇస్తే ఊపిరి నిలిపి చూపుకి ఎసరు పెట్టినట్టే.

అయినా యంత్రమే ఇస్తామంటే డాక్టరుగారితో పాటు హెడ్ నర్సునీ అడగండి. ఏది మూలన పడుందో ఆవిడకు తెలుస్తుంది. వార్డులో ఇప్పటికే వాడుతున్న మోడలే కొనండి, విడిభాగాలు ఒకదానివి మరోదానికి పనికొస్తాయి. ఐదేళ్ల మెయింటెనెన్సు, ఏడాదికి సరిపడా ప్రాంగ్స్, ట్యూబులు కొటేషన్‌లోనే కలపమనండి. చర్మానికి అతికించే ఉష్ణోగ్రత ప్రోబ్ పాడైతే చాలు, బిడ్డను వెచ్చగా ఉంచే మంచి వార్మర్ కూడా సరిగా పనిచేయదు. ప్రోబులు, ఆక్సీమీటర్ సెన్సర్లు ఇస్తే ఫొటోలో ఏమీ కనబడదు గానీ, మర్నాటినుంచే వాడకంలోకొస్తాయి.

పాలపొడి డబ్బాలు, పాలసీసాలు మాత్రం పంచకండి. 1992 నాటి చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ వాటిని దానం చేయకూడదు. తల్లిపాలు చాలని పిల్లల కోసం తల్లిపాల బ్యాంకులున్నాయి, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోనూ ఒకటుంది. దాతల పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి, మైనస్ 20 దగ్గర నిల్వ చేస్తారు. దాతల రక్తపరీక్షలు, పంపులు, ఫ్రీజర్‌కి బ్యాకప్ కరెంటు, ఇలాంటి ఖర్చులకు మీ డబ్బు బాగా పనికొస్తుంది.

మా లెక్కలో అసలు లోటు తల్లికి కావాల్సిన వసతుల్లో ఉంది. బిడ్డను రోజుకి 8 నుంచి 24 గంటలు రొమ్ముకి ఆన్చి, చర్మానికి చర్మం తగిలేలా ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అన్ని గంటలు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోవడం బాలింతకు అయ్యే పనేనా? వెనక్కి వాలే కుర్చీ, మంచం, మూడు పూటలా భోజనం, దగ్గర్లో బాత్‌రూమ్, తోడొచ్చిన అమ్మమ్మకు పడుకునే చోటు: ఇవి ఉంటే ఆమె ఉంటుంది, లేకపోతే ఇంటికెళ్లిపోతుంది.

రెండో లోటు ఆర్‌ఓపీని పట్టుకునే కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోలకు తక్కువున్నా పుట్టిన 30 రోజుల్లోపు చేయించాలి. 28 వారాల లోపు, లేదా 1,200 గ్రాములకు తక్కువైతే రెండు మూడు వారాలకే. అప్పటికి చాలామంది ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. కూలి పోతుంది, బస్సు ఛార్జీలవుతాయి, బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాంతో రారు. లేజర్ చికిత్స అవసరమని తేలితే రెండు మూడు రోజుల్లో జరగాలి. ఈ ఖర్చుకి కమిటీ మీటింగుల దాకా ఆగకుండా అదే రోజు చేతికిచ్చే చిన్న నిధి ఉండాలి.

ఇక డబ్బు సంగతి. సొంత ఫోన్‌పే నంబరుకి వసూలు చేయకండి. రసీదు ఉండదు, రేపు లెక్క అడిగితే చిక్కు. ప్రభుత్వాసుపత్రి అయితే ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాకి, లేదా దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు (80జి) ఉన్న సంస్థకి పంపండి. నగదు రూ.2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. ఈ మాట దాతలకు ముందే చెప్పండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇచ్చింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారిస్తే అవుతుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి. ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి మళ్లించడానికీ వీల్లేదు కాబట్టి, పని స్వయంగా చేసేవాళ్లనే ఎంచుకోండి.

లక్ష్యానికి మించి డబ్బు వస్తే దేనికి వాడతారో, తక్కువ వస్తే ఏం కొంటారో విజ్ఞప్తిలోనే రాసిపెట్టండి. వసూలయ్యాక దాతలందరినీ అడగడం అయ్యే పని కాదు.